పనిచోట ధూళియు పొగయు: వానిని పట్టు సాధనముల నెన్నుకొను తెఱగు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన యూరికి చేసిన మేలును గూర్చి నాకు ముందు మాటలాడిన పెద్దలు చక్కగా సెలవిచ్చిరి. నేను మరల చెప్పబోను. నేను తీసికొన్న విషయము కావ్యగోష్ఠికి చెందినది కాదు. వడ్రంగిశాలలో, వెల్డింగు షాపులో, ఇత్తడి కొలిమి దగ్గర, రాయి కోయుచోట పుట్టు ధూళిని, పొగను లాగివేయు యంత్రములను ఎట్లు ఎన్నుకొనవలెనన్నది విషయము. లెక్కలు వ్రాసికొని బ్రతుకువానికి ఈ యంత్రములతో పనియేమని కొందరికి తోచవచ్చును. ఈ గ్రంథాలయమున పుస్తకములు తీసికొనువారిలో పనిముట్టు పట్టి జీవించువారు పెక్కుమంది కలరు. వారిలో కొందరు పొత్తుగా ఒక పనిశాల పెట్టుకొని, ధూళి లాగు యంత్రమును కొనదలచి, అంగళ్లవారిచ్చిన ధరల పట్టికలను సరిచూచి పెట్టుమని నాయొద్దకు తెచ్చిరి. వానిలో ధర కలదు, మోటారు శక్తి కలదు, పెట్టెకు వేయు రంగు కూడ కలదు. ఆ యంత్రము పనివాని ముక్కు ముందరి గాలిని ఎంతవరకు బాగుచేయునో మాత్రము ఏ పట్టికలోను లేదు. ఆ లోటు పూరించుటకై నేను చదివినదియు, తెలిసినవారిని అడిగి గ్రహించినదియు మీ ముందుంచుచున్నాను. నేను పండితుడను గాను, ఇంజనీరును గాను. కూడికలు తీసివేతలు తెలిసినవాడను. ఈ విషయమున అవియే చాలవరకు అక్కరకు వచ్చినవి.

ఉపనిషత్తులలో ఒక కథ కలదు. వాక్కు, కన్ను, చెవి, మనస్సు, ప్రాణము తమలో ఎవరు గొప్పయని వాదులాడుకొన్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క యేడు దేహమును విడిచిపోయి తిరిగివచ్చినది. వాక్కు పోయినప్పుడు మూగవానివలె, కన్ను పోయినప్పుడు గ్రుడ్డివానివలె దేహము ఎట్లో బ్రతుకు సాగించినది. ప్రాణము లేచి వెడలబోవునప్పటికి తక్కిన ఇంద్రియములన్నియు కట్టుకొయ్యలతో సహా పెకలి రాసాగినవి. అప్పుడవి తమ వాదము మానుకొన్నవి. మన పనిశాలలలో కంటికి అద్దములు, చేతికి తొడుగులు ఇప్పుడిప్పుడే వచ్చుచున్నవి, సంతోషమే. ఊపిరి సంగతి మాత్రము అన్నింటికంటె వెనుకబడియున్నది.

మన పెద్దలు మనిషికి ఒక అహోరాత్రమునకు 21,600 శ్వాసలని లెక్క చెప్పిరి. నిమిషమునకు 15 చొప్పున గుణించి చూడుడు, సరిగా సరిపోవును. విశ్రాంతిగా నున్న పెద్దవాడు నిమిషమునకు 12 మొదలు 20 వరకు శ్వాసించునని నేటి వైద్యులును చెప్పుదురు. ఆ లెక్కన ఎనిమిది గంటల పనిదినమున 7,200 శ్వాసలు. సమ్మెట ఎత్తువానికి, రాయి కోయువానికి అంతకు మించియే యుండును. కొన్న మేకునకు, కాలిన బొగ్గునకు లెక్క వ్రాయు మనము ఈ ఏడువేల పద్దును ఏ పుస్తకమునను వ్రాయుట లేదు.

ఆ శ్వాసతో లోనికి పోవు ధూళి యెట్టిది? కిటికీ సందునుండి పడు ఎండపొడలో ఆడుచు కనబడు నలుసును మన శాస్త్రములు త్రసరేణువని పేర్కొన్నవి. మనుస్మృతి తన తూనికలకు దానినే మొదటి మెట్టుగా గ్రహించినది. కంటికి ఆనునట్టి మిక్కిలి చిన్న వస్తువు అదియే గదా. నేటి శాస్త్రము ఇంకను క్రిందికి దిగినది. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. తలవెండ్రుక లావు సుమారు 70 మైక్రానులు. పది మైక్రానులకు మించిన నలుసు చాలవరకు ముక్కులో, గొంతులో చిక్కి చీమిడితోనో కఫముతోనో బయటపడును. నాలుగైదు మైక్రానులకు లోపలిది ఊపిరితిత్తుల చివరనున్న గాలితిత్తులదాక పోయి అచట నిలువగలదు. ఆ నలుసును కన్ను చూడలేదు; గాలి కదలని గదిలో గంటల తరబడి అది నేలకు దిగదు. తర్కశాస్త్రమున కొండమీది పొగను చూచి నిప్పును ఊహించుట సుప్రసిద్ధమైన దృష్టాంతము. పనిశాలలో ఆ హేతువు మనకు చిక్కదు. గాలి తేటగా కనబడుచున్నదని ధూళి లేదనుకొనరాదు. ఇది మొదట మనస్సున నాటుకొనవలసిన మాట.

ఇక మన ప్రాంతపు వృత్తులను చూతము. ధూళి యంతయు ఒక జాతిది కాదు గనుక యంత్రమును ఎన్నుకొనుటకు ముందు ధూళి జాతిని తెలిసికొనవలెను.

మొదటిది కొయ్య. విజయనగరం జిల్లాలో బొబ్బిలి వీణ జగత్ప్రసిద్ధము. దానిని పనసమ్రానున తొలుతురు. బాడిసతో చెక్కునప్పుడు రాలు పేళ్లు బరువైనవి, కాళ్లదగ్గరనే పడును. నునుపు చేయుటకు గరుకు కాగితము పట్టినప్పుడు లేచు పొడి అట్టిది కాదు. అది గాలిలో తేలును. తలుపులు, కిటికీలు, బల్లలు చేయు వడ్రంగులకును ఇదే అనుభవము. కొయ్యధూళి ఉబ్బసమును, ముక్కు వ్యాధులను కలిగించును. దీర్ఘకాలము పీల్చినచో ముక్కులో క్యాన్సరునకు కారణము కాగలదు.

రెండవది లోహపు పొగ. శ్రీకాకుళం జిల్లాలో బుడితి యను ఊరు కంచు ఇత్తడి పాత్రలకు పేరుపొందినది. కంచులో రాగియు తగరమును కలియును. ఇత్తడిలో రాగియు యశదమును, అనగా జింకును కలియును. రాగి 1085 డిగ్రీల వేడిలో కరగును. యశదము 907 డిగ్రీలకే మరిగి ఆవిరియగును. అందువలన ఇత్తడి కరగించు మూసనుండి తెల్లని పొగ లేచును. దానిని పీల్చినవానికి ఆ సాయంత్రమో రాత్రియో చలి, జ్వరము, ఒళ్లునొప్పులు, నోట లోహపు రుచి కలిగి, మరునాటికో రెండునాళ్లకో తగ్గిపోవును. లోకమంతట ఇత్తడి పోతపనివారికి పూర్వమునుండి ఎరుకైన జ్వరమిది. మలేరియా జ్వరమని భ్రమపడుటకు వీలున్నది. జింకు పూత పూసిన రేకులను వెల్డింగు చేయువారికిని ఇదే వచ్చును. వెల్డింగు పొగలోని నలుసులు ఒక మైక్రానుకు లోబడినవి. స్టెయిన్‌లెస్ స్టీలును అతుకునప్పుడు లేచు పొగలో క్రోమియము ఉండును, అది మరింత చెడ్డది.

మూడవది రాతిధూళి. టెక్కలి ప్రాంతపు గ్రానైటు దూరదేశములకు పోవుచున్నది. ఆ పలకలే నేడు మన యిండ్ల గడపలకు, అరుగులకు, వంటగట్లకు వచ్చుచున్నవి. శిలాశాస్త్రజ్ఞులు గ్రానైటని చెప్పు రాతిలో అయిదవ వంతుకు తక్కువ కాకుండ స్ఫటికము, అనగా సిలికా ఉండును. ఆ సూక్ష్మధూళి ఊపిరితిత్తులలో చేరి మచ్చలు కట్టించును. దానినే సిలికోసిస్ అందురు. దానిని మాన్పు మందు లేదు. ఆ ధూళిని పీల్చినవానికి క్షయ సోకు అవకాశమును పెరుగును. రెండింటికిని దగ్గు, ఆయాసము, చిక్కిపోవుట సామాన్యము గనుక ఒకదానిని మరొకటిగా ఎంచి మందులు మ్రింగుటయు జరుగును. పై మూడింటిని గూర్చియు ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ తీర్మానము చేసియున్నది: 1995లో కొయ్యధూళిని, 1997లో సిలికా స్ఫటికధూళిని, 2017లో వెల్డింగు పొగను మానవులకు క్యాన్సరు కలిగించువాని పట్టికలో చేర్చినది.

"మా తాత ఉలిపట్టి ఎనుబదియేండ్లు బ్రతికెను, ఆయనకు ఏ యంత్రము కలదు?" అని మీలో ఒకరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. తాతగారి చేతిలో ఉలి, సుత్తి ఉండెను. ఆ దెబ్బకు రాయి పెచ్చులుగా ఊడిపడెడిది. మనుమని చేతిలోని చిన్న గ్రైండరు నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగును. అది రాతిని పెచ్చులుగా విడగొట్టదు, పిండి చేయును. తాతగారు ఆరుబయట చెట్టునీడన కూర్చుండెను. మనుమడు రేకులషెడ్డులో తలుపు మూసికొని చేయును. వృత్తి పేరు మారలేదు గాని ధూళి మారినది. జాగ్రత్తయు మారవలెను గదా.

ఇది క్రొత్తగా పుట్టిన చింత కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని 1700లో పనివారల వ్యాధులను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించి, రోగిని పరీక్షించు వైద్యుడు 'నీ వృత్తి యేమి' యని తప్పక అడుగవలెనని చెప్పెను. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 14వ సెక్షను ధూళిని, పొగను గూర్చియే. లాగివేయు సాధనము అవసరమైనచో దానిని ధూళి పుట్టు స్థానమునకు సాధ్యమైనంత దగ్గరగా అమర్చవలెననియు, ఆ స్థానమును వీలైనంతవరకు మూసియుంచవలెననియు అది విధించినది. 2020లో పార్లమెంటు ఆ చట్టమునకు బదులుగా క్రొత్త కోడును ఆమోదించినది. అయినను ముగ్గురు నలుగురు పనిచేయు మన చిన్న శాలలు ఇట్టి చట్టముల లెక్కలోనికి సామాన్యముగ రావు. మన గుమ్మమున తనిఖీదారు నిలువడు. కనుక మన ఇన్‌స్పెక్టరులము మనమే కావలసియున్నది.

ఆ సెక్షనులోని 'దగ్గరగా' అను మాటయే నా ఉపన్యాసమునకంతకు ప్రాణము. దానిని నిరూపించుటకు యంత్రశాస్త్రము అక్కరలేదు. దీపమును మూరెడు దూరమునుండి ఊదుడు, ఆరిపోవును. అదే దూరమునుండి నోటితో గాలిని లోనికి పీల్చుచు దీపమును ఆర్పజూడుడు, జ్వాల కదలనైన కదలదు. ఊదిన గాలి బాణమువలె ఒకే దిక్కునకు పోవును. పీల్చునప్పుడు నలుదిక్కులనుండి గాలి వచ్చి చేరును గనుక ఏ దిక్కునను బలముండదు. గొట్టపు నోటినుండి దాని వెడల్పు అంత దూరము పోవుసరికి పీల్పువేగము సుమారు పదవ వంతునకు పడిపోవును.

ఇందలి లెక్క చెప్పెదను, ఓపికతో వినుడు. వెల్డింగు పొగను పట్టుటకు పొగ పుట్టినచోట గాలి సెకనుకు కనీసము అర మీటరు వేగమున గొట్టమువైపు కదలవలెను. 15 సెంటీమీటర్ల వెడల్పుగల గొట్టమును పనికి 15 సెంటీమీటర్ల దూరమున పెట్టినచో గంటకు సుమారు 440 ఘనపు మీటర్ల గాలిని లాగవలసియుండును. అదే గొట్టమును 30 సెంటీమీటర్ల దూరమునకు జరిపినచో సుమారు 1,650 ఘనపు మీటర్లు లాగవలెను. దూరము రెండింతలైన గాలి నాలుగింతలకు సమీపించుచున్నది. అర హార్సుపవరు మోటారు ఎనిమిది గంటలకు మూడు యూనిట్ల కరెంటు కాల్చును. రెండు హార్సుపవర్ల మోటారు పండ్రెండు యూనిట్లు కాల్చును. దగ్గరగా పెట్టుట పొదుపు, దూరముగా పెట్టుట దుబారా. గొట్టపు నోటి చుట్టును అంచువలె ఒక రేకు పళ్లెమును బిగించినచో వెనుకనుండి వృథాగా వచ్చు గాలి తగ్గి, నాలుగవ వంతు పొదుపు అదనముగ లభించును.

ఇక ఎన్నుకొను క్రమము చెప్పుదును. అసలు ధూళి పుట్టకుండ చేయు ఉపాయము కలదేమో మొట్టమొదట చూడవలెను. రాతికోతకు నీరే మేలైన యంత్రము. బ్లేడుపై నీరు సన్నగా పారుచుండగా కోసినచో ధూళి చాలవరకు బురదయై దిగిపోవును. నీరును కరెంటును ఒకచోట చేరుట ప్రమాదము గనుక తడికోతకై చేసిన పనిముట్టునే వాడవలెను; లీకైన కరెంటును తక్షణము కోసివేయు స్విచ్చిని పెట్టించవలెను. ఎండిన బురద మరల ధూళియే గనుక తడిగా నున్నప్పుడే ఎత్తివేయవలెను. పలాసలో జీడిపిక్కల పరిశ్రమను ఎరుగని వారు లేరు. పిక్కలను డ్రమ్ములో కాల్చినప్పుడు పెంకులోని ఘాటైన నూనె పొగయై కండ్లను, గొంతును మండించును. ఆ నూనె చర్మమునకు తగిలిన పొక్కును. ఆవిరిలో ఉడికించి పగులగొట్టు పద్ధతిలో ఆ కాల్పుపొగ లేదు. పెద్ద పొగగొట్టమును కొనుటకన్న పద్ధతిని మార్చుట మేలని దీనివలన తెలియుచున్నది. ఇత్తడి పోతలో కరగిన లోహముపై బొగ్గుపొడి కప్పియుంచి, వేడిని అవసరమునకు మించనీయనిచో యశదపు పొగ తగ్గును. పొగయై పోవు యశదము డబ్బు పెట్టి కొన్నదే గదా.

రెండవ మెట్టు మూయుట. మూడు వైపుల రేకులతో గూడువలె కట్టి, ఎదుటివైపునుండి పనిచేసినచో చిన్న మోటారుతోనే పని జరుగును. గాలిని పట్టుటలో గోడలు సగము పనిచేయును; గోడలకు కరెంటు అక్కరలేదు.

మూడవది పీల్చు నోటిని పెట్టు స్థానము. పొగ పనివాని ముఖమును దాటి పోరాదు. ఇది మరువరాని సూత్రము. కొలిమిపై గొడుగువలె వ్రేలాడదీసిన పొగగూడు చూచుటకు చక్కగానే యుండును. పనివాడు మూసపై వంగినప్పుడు అతని తల పొగకును గూటికిని నడుమ చిక్కును. అట్టిచోట కొలిమి వెనుక ప్రక్కనుండి లాగు నోరు మేలు. వడ్రంగి బల్లకు యంత్రమునకే అతుకు గొట్టము, నునుపు చేయు చేతియంత్రమునకు దానితోనే కలిసిన తొడుగు మేలు. వెల్డింగునకు ఎటుపడిన అటు వంగి నిలుచు గొట్టపుచేయి తగును. అయితే అతుకు జరిగినకొలదియు దానినిగూడ జరుపవలెను. గ్రైండరునకు బ్లేడును కప్పు తొడుగునుండియే లాగవలెను, ఏలయన అచట ధూళి మిక్కిలి వేగముతో చిమ్మును; దూరపు నోటికి అది అందదు.

నాలుగవది గొట్టము. తేలిక పొగకు గొట్టములో సెకనుకు పది పండ్రెండు మీటర్ల వేగము చాలును. కొయ్యపొడికి సుమారు ఇరువది మీటర్లు కావలెను. లేనిచో దారిలోనే దిగి గొట్టము పూడిపోవును. వంపులు ఎన్ని తక్కువైన అంత మంచిది. కొయ్యపొడికి లోహపు గొట్టము వేసి భూమికి తీగ కలుపవలెను. రాపిడివలన పుట్టు విద్యుత్తు నిప్పురవ్వ కాగలదు. కొయ్యపొడిని లాగు గొట్టమునకు ఇనుము సానబట్టు యంత్రమును ఎన్నడును కలుపరాదు. గాలిలో దట్టముగ లేచిన కొయ్యపొడి మందుగుండువలె ప్రేలును.

అయిదవది ఫిల్టరు. కొయ్యపొడికి ముందు గాలిని సుడి త్రిప్పి బరువైన పేళ్లను క్రింద పడవేయు సైక్లోను, పిమ్మట గుడ్డసంచి తగును. రాతిధూళికి సామాన్యపు సంచి చాలదు. సన్ననిది దానిగుండ తిరిగి గదిలోనికే వచ్చును. ధూళిలాగు పెట్టెలకు ఐరోపావారి ప్రమాణమున తరగతులు కలవు. ఎమ్ తరగతిది వేయింట ఒక వంతుకు లోపుగాను, హెచ్ తరగతిది లక్షకు అయిదు వంతులకు లోపుగాను ధూళిని దాటనిచ్చును. సిలికాకు ఈ తరగతులనే అడుగవలెను. చలిదేశములలో గది వెచ్చదనము పోకుండుటకై గాలిని వడగట్టి మరల గదిలోనికే వదలుదురు. మనకు ఆ యవసరము లేదు. వడగట్టిన గాలిని గూడ పైకప్పు మీదుగా బయటికి వదలుటయే మేలు. అది పొరుగింటి కిటికీవైపు గాని, మన తలుపువైపు గాని తిరిగి రాకుండ చూచుకొనవలెను. లాగిన గాలికి బదులు మంచి గాలి లోనికి వచ్చు దారియు ఉండవలెను. తలుపులన్నియు బిగించిన గదిలో ఏ బ్లోయరును పనిచేయలేదు.

అన్నింటికి చివర మోటారు, బ్లోయరు. మనవారు మొదట దీనినే బేరమాడుదురు. గోడకు పెట్టు ఎగ్జాస్టు ఫ్యాను చౌక. అది గది ఉక్కను తగ్గించును గాని, వడపోత సంచి అడ్డమున్నచోట గాలిని లాగలేదు. పైగా ధూళిని పనివాని ముక్కుమీదుగానే గోడదాక నడిపించును. ఇక బల్లప్రక్కన నిలువుఫ్యాను పెట్టుకొని పనిచేయువారు ధూళిని నలుగురికి పంచిపెట్టుచున్నారు. మన తీరమున మధ్యాహ్నము వీచు సముద్రపు గాలియు పీల్చు నోటి బలమును చెరచును. గాలివాటమునకు ఒక తడిక అడ్డము పెట్టుకొనుడు.

నాయొద్దకు వచ్చిన పొత్తుదారుల సంగతికి వత్తును. వారికి నాలుగు ప్రశ్నలు వ్రాసియిచ్చితిని. మా ధూళికి ఈ ఫిల్టరు తగినదని వ్రాసి యిత్తురా? పీల్చు నోటినుండి మా పని ఉండు దూరమున గాలివేగము ఎంత? సంచి సగము నిండినప్పుడు ఆ వేగము ఎంతకు తగ్గును? మార్చు ఫిల్టరు వెల యెంత, ఎన్ని నెలలకు మార్చవలెను? ధర తక్కువగా వేసినవారు మొదటి ప్రశ్నకే మౌనము వహించిరి. ఒకరు మాత్రము యంత్రమును శాలకు తెచ్చి నడిపి చూపిరి. తీరా చూడగా, పెద్ద మోటారు అక్కరలేకయే, బల్లలను గోడవైపు జరిపి గూళ్లు కట్టుకొనుటవలన చిన్నదానితో పని జరుగునని తేలినది. అయిదేండ్లకు కరెంటు, ఫిల్టర్లు కలిపి లెక్కవేయగా మొదట ఖరీదుగా కనబడినదియే చవుక. మొదటి ధరను మాత్రమే చూచి కొనుట పాడిపశువును కొమ్ములు చూచి కొనుటవంటిది.

కొన్న పిమ్మట పరీక్ష మీ యింటిలోనే కలదు. ఒక అగరువత్తిని వెలిగించి పనిచేయు చోట పట్టుకొనుడు. దాని పొగ తడబడక పీల్చు నోటిలోనికి పోయినచో సాధనము పనిచేయుచున్నది. పైకి లేచి గదిలో పరచుకొన్నచో ఎంత చప్పుడు చేసినను అది పనిచేయుట లేదు. ఈ పరీక్షను వారమునకొకసారి చేసి, తేదీతో గోడమీద వ్రాయుడు. రంగు, వార్నిషుల ఆవిరి ధూళి ఫిల్టరులో ఆగదు, దానికి వేరు ఏర్పాటు కావలెను. చప్పుడు సంగతిని గూడ కొనునప్పుడే చూచుకొనుడు; చెవులు చిల్లులుపడు యంత్రమును పనివాడు గంటకే ఆపివేయును.

ముఖమునకు కట్టు తుండుగుడ్డ సన్నని ధూళిని ఆపదు. ఎన్-95 వంటి మాస్కు ఆపును గాని, ముఖమునకు సందులేక అంటుకొనవలెను. గడ్డము పెంచినవానికి అంటదు. పై జాగ్రత్తలన్నియు తీసికొన్న పిమ్మట మిగిలిన కొంచెమునకు అది రక్ష. శాలను పొడిచీపురుతో ఊడ్చుట దిగిన ధూళిని మరల లేపుటయే, తడిపి ఊడ్వవలెను. పనిబట్టలను కంప్రెసరు గాలితో దులుపుకొనరాదు. అమ్మలారా, ఈ మాట మీకును చెందినది. పెక్కు వృత్తులు మన యిండ్ల పంచలలోనే జరుగుచున్నవి. అదే పంచలో పసిబిడ్డ ఉయ్యాల ఉండరాదు. పనిబట్టలను ఇంటిబట్టలతో కలిపి దులుపరాదు. ఇంటివారికి విడువని దగ్గు వచ్చి ఆస్పత్రికి పోయినచో, డాక్టరుగారు అడిగినను అడుగకున్నను, ఏ పని ఎన్నేండ్లుగా చేయుచున్నారో మొదటనే చెప్పుడు.

ఖర్చు భరింపలేమని అనువారికి ఒక మాట. నీటిధార, రేకుగూడు, అంచుపళ్లెము, బల్ల జరుపుట, అగరువత్తి పరీక్ష: వీనిలో ఏదియు వేలతో పనిలేనిది. సగము మేలు వీనివలననే కలుగును. మిగిలిన సగమునకు నలుగురు శాలలవారు కూడి ఒకటే బేరము చేసినచో ధర తగ్గును. కార్యవర్గమువారికి నా మనవి యేమనగా, గ్రంథాలయమున ఈ విషయమునకై ఒక బీరువా అరను కేటాయించి, యంత్రములతో వచ్చు వివరపుస్తకములను, చట్టమును, ధరల పట్టికలను అందుంచవలెను. ఫిల్టరు ఎంతకాలము వచ్చినది, ఎచట కొన్నారు, ఏమి లోపము కనబడినది అను సంగతులను వాడుకొన్నవారే వ్రాయుటకు ఒక పుస్తకమును పెట్టవలెను. దానికి గీతలు గీసి, నెలనెలకు పద్దులు సరిచూచు పని నేను చేయుదును.

ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము జరుగునాటికి నేడు ఇచట వెనుక వరుసలో నిలిచియున్న పనివాండ్రు ముందు వరుసలో పెద్దలై కూర్చుండవలెను. అప్పటికి వారి ఊపిరి సుఖముగా ఆడుచుండవలెను. అందుకు వలసిన లెక్క యిప్పుడే మొదలుపెట్టుదము.